అక్క పేర అచ్చయిన మాట

ప్రెస్సులో అందరూ ఆమెను ప్రూఫుల పిన్ని అనేవారు. మొదట అట్లా పిలిచినది ఎవరో ఎవరికీ జ్ఞాపకం లేదు. యజమాని మొదలు బైండింగు గదిలో జిగురు పూసే ఆడవాళ్ల దాకా, ఆమెకంటె వయసులో పెద్దవారు సైతం, ఆమెతో పిన్ని వరసే కలిపినారు. ఆ పిలుపుకు పలికీ పలికీ, ఇంటివద్ద ఎవరైనా సొంత పేరుతో పిలిస్తే ఆమె ఒక క్షణం ఆలస్యంగా తల ఎత్తేది.

మేడమీద గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. క్రింద యంత్రం నడిచినంతసేపూ బల్లమీది గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతూ ఉండేవి. ఎదుట ప్రూఫుల కట్ట, ఎడమ ప్రక్క రాతప్రతి, కుడిచేత ఎర్ర పెన్ను, పంక్తి క్రింద పెట్టి జరుపుకొనేందుకు అంచులు అరిగిన చెక్క స్కేలు. ఈ సరంజామాతో ఆమె ఎన్నో నవలలను దిద్ది పంపినది. వాటిమీద రచయితల పేర్లు ఉండేవి, ముఖచిత్రం వేసినవారి పేరు ఉండేది, ప్రెస్సు పేరు ఉండేది. పిన్ని పేరు ఎక్కడా ఉండేది కాదు. అందుకు ఆమె ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. తాను దిద్దిన పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండదు. ఆ లేకపోవటమే తన సంతకం అనుకొనేది.

అక్షరదోషాలను ఎవరైనా పట్టగలరు. పిన్ని ప్రజ్ఞ సంభాషణలలో ఉన్నది. పాత్రలు మాట్లాడుకొనే చోట ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో చిక్కు విడదీయటంలో ఆమెకు సాటి లేదని ఆ ప్రెస్సుకు వచ్చే రచయితలందరూ ఒప్పుకొనేవారు. మన వాక్యంలో "అని" అనే చిన్న మాట ఒకటి ఉన్నది. ఒకరి పలుకు ఎక్కడ ముగిసినదో అది చెప్పుతుంది. ఎక్కడ మొదలైనదో చెప్పదు. ఆ మొదలును చూపటానికే కోట్సు గుర్తులు. మాట్లాడే మనిషి మారినప్పుడల్లా కొత్త పేరా. మాటలో మాట వస్తే జంట గుర్తుల లోపల ఒంటి గుర్తులు. మాట తెగితే గీత, నసిగితే చుక్కలు. ఒకరే పేరాల తరబడి మాట్లాడితే ప్రతి పేరా మొదటా గుర్తు తెరవాలి, చివరి పేరా కొసన మాత్రమే మూయాలి. ఇవన్నీ ఆమెకు ఊపిరి తీసినంత సులువు.

ఈ విద్య తండ్రి ఇచ్చినది. ఆయన సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చే కంపోజిటరు. ఆయన పనిచేసిన చోట కోట్సు అచ్చులు ఎప్పుడూ చాలేవి కావు. నవల వచ్చినదంటే అక్షరాల పెట్టెలో వాటి గళ్లు ఖాళీ అయిపోయేవి. అప్పుడాయన కామాలను తలక్రిందులు చేసి మాట మొదట నిలబెట్టేవాడు.

"మాటకి గుమ్మం ఉండాలమ్మా," అనేవాడు, నల్లబడిన వేళ్లు గుడ్డతో తుడుచుకొంటూ. "లోపలికి ఎవరొచ్చారో, ఎప్పుడు వెళ్లారో తెలియకపోతే అది ఇల్లు కాదు, సంత."

ఆ సంతలను ఇళ్లుగా మార్చటమే తన పని అని పిన్ని నమ్మినది. ఇంటివద్ద కూడ ఆ అలవాటు పోలేదు. భర్త కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు, నెమ్మదైన మనిషి. అత్తగారు అంత నెమ్మది కాదు. ఇంట్లో మాటా మాటా వచ్చినప్పుడు ఎవరు ముందు ఏమన్నారో, దానికి ఎవరు ఏమని బదులిచ్చారో పిన్ని పూస గుచ్చినట్లు అప్పజెప్పేది.

"నీ ముందు నోరు తెరవాలంటే దడగా ఉంటుందే కోడలా," అనేది అత్తగారు. "నిద్దట్లో అన్నమాట కూడా నా పేరన రాసిపెడతావు."

"మీరు నిద్దట్లో అన్నవే కాస్త మంచి మాటలు అత్తయ్యా."

"ఏమన్నానేం?"

"కోడలు బంగారం అన్నారు."

"అయితే అది నేను కాదు. ఎవరో సరిగ్గా చూసుకో."

భర్త నవ్వు దాచుకోవటానికి కళ్లజోడు తీసి తుడుచుకొనేవాడు. ఎవరి మాట వారిదని తేల్చటంలో తాను పొరబడగలననే ఊహ పిన్నికి ఆ హాస్యంలో కూడ తట్టలేదు.

ఆ ఏడు వానలకు ముందు ప్రెస్సుకు ఒక నవల వచ్చినది. వ్రాసినామె టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇది ఆమెకు మొదటి పుస్తకం. ఇద్దరు అక్కచెల్లెళ్లు, మంచం పట్టిన తండ్రి, ఒక ఆసుపత్రి గది. కథ గట్టిది. కాని అంతటిలోనూ ఒక్క కోట్సు గుర్తయినా లేదు. ఒకరి మాట తోకను మరొకరి మాట తలకు ముడివేసుకొంటూ పుటలు సాగినవి. యజమాని ఆ కట్టను చేత పట్టుకొని తల గోక్కొన్నాడు. రచయిత్రినీ పిన్నినీ తన గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టినాడు.

"చదివేవాడికి ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి కదండీ," అన్నాడు.

"నా ఉద్యోగమంతా ఎవరు మాట్లాడుతున్నారో తెలియకుండానే గడిచింది," అన్నది రచయిత్రి. "లైన్లో ఎవరూ ముందు పేరు చెప్పుకుని మాట్లాడరు. నాలుగు మాటలు వింటే గొంతు తెలుస్తుంది. నా పుస్తకమూ అంతే."

"గొంతు చెవికి తెలుస్తుందండీ," అన్నది పిన్ని. "పుస్తకం చదివేవాళ్లకి కళ్లే ఉంటాయి. అవి కూడా సగం మందికి మా ఆయన కొట్లో కొన్నవే."

రచయిత్రికి నవ్వు వచ్చినది. ఆ నవ్వుతోనే పట్టు సడలించినది.

"సరే, గుర్తులు పెట్టుకోండి. కామాలు, చుక్కలు, పేరాలు మీ ఇష్టం. మాట మాత్రం ఒక్కటి కూడా కలపొద్దు, తీయొద్దు. ప్రూఫులు నేనే చూసుకునేదాన్ని. కానీ వచ్చే వారం నుంచి కళ్ల ఆపరేషన్లు, ఒకదాని వెంట ఒకటి. చదవడానికి వీల్లేదన్నారు. మీ చేతిలో పెడుతున్నాను."

"నా చేతిలో పెట్టారుగా. నిశ్చింతగా ఉండండి," అన్నది పిన్ని.

పని ఆమెకు ఎంతో నచ్చినది. ముడులు విడివడుతున్నకొలదీ ఇద్దరు తోబుట్టువులూ పుటమీద వేరువేరుగా లేచి నిలబడినారు. అక్క గట్టి మనిషి. మందుల వేళలు, డాక్టర్లతో వాదనలు, చూడవచ్చిన బంధువులను మర్యాదగా సాగనంపటం, అన్నీ ఆమెవే. చెల్లెలు మెత్తనిది, నడవాలోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కొని వచ్చేది. ఇట్లా సాగి సాగి కథ ఆ గదికి వచ్చినది. రాతప్రతిలో ఆ చోటు ఇట్లా ఉన్నది:

డాక్టరు గుమ్మంలో నిలబడి ఏం చేయమంటారు అన్నాడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు ఇక చాలు ఆ గొట్టాలు తీసేయండి అంది కిటికీ అవతల ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు.

పిన్ని డాక్టరు మాటకు గుర్తులు పెట్టినది. పేరా విడదీసినది. "ఇక చాలు, ఆ గొట్టాలు తీసేయండి" అన్నదానికి ముందూ వెనుకా గుర్తులు పెట్టినది. అక్కడ ఆమె ఎర్ర పెన్ను ఆగినది. అంది, కాని ఎవరు? ముందూ వెనుకా వెతికినది. ఆ పుస్తకంలో ఎవరన్నదీ పోల్చుకోవటానికి వీలులేని మాట అదొక్కటే. వ్రాస్తూ వ్రాస్తూ రచయిత్రి ఏమరినదనుకొన్నది. అటువంటి మాట ఎవరనగలరు? గట్టి మనిషి అనగలదు. మెత్తని మనిషి అనలేదు. ఆలోచన అంత సూటిగా నడిచేసరికి ఆమెకు లోలోపల ఒక సంతోషం కలిగినది. పోయిన గుండీ దొరికితే కలిగేటటువంటిది. "అంది" ప్రక్కన "అక్క" అని చేర్చినది.

కంప్యూటరు ముందు కూర్చొని ఆ దిద్దుళ్లను ఎక్కించే అతనిని అందరూ టకటకయ్య అనేవారు. అతని నోటికంటె మీటలు ఎక్కువ మాట్లాడుతవని. అతడు ఆ పుట పట్టుకొని ఆమె బల్లవద్దకు వచ్చినాడు.

"పిన్నీ, ఇక్కడ అక్క అని రాతప్రతిలో లేదు."

"లేదు. నేను పెట్టాను."

"ఆమెనొకసారి అడిగితేనో? ఫోనుందిగా."

"కంటికి కట్టు కట్టుకుని పడుకున్న మనిషిని ఒక్క మాట కోసం లేపనా? పుస్తకమంతా చదివినదాన్ని, ఆ మాట ఎవరంటారో నాకు తెలియదా? కొట్టు నాయనా."

టకటకయ్య కొట్టినాడు.

పుస్తకం వచ్చినది. బాగున్నదన్నారు. మొదటి నవల అయినా సంభాషణలు తేటగా ఉన్నవని ఒక పత్రికలో వ్రాసినారు. యజమాని ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించి, "ఇది నీకే పిన్నీ," అన్నాడు. పిన్ని ఆ రోజు పనిలో పడి చూడనట్లే నటించి, అందరూ భోజనానికి లేచిన పిమ్మట దగ్గరగా వెళ్లి రెండుసార్లు చదువుకొన్నది.

కొన్నాళ్లకు రచయిత్రి మెట్లెక్కి వచ్చినది. కొత్త కళ్లజోడు. పిన్ని లేచి కుర్చీ తుడిచి వేసినది. క్రిందికి కేక వేసి టీ తెప్పించినది. ధన్యవాదాలు చెప్పటానికి వచ్చినదనుకొన్నది.

"కూర్చోండి. కళ్లెలా ఉన్నాయి?"

"బాగానే కనిపిస్తున్నాయి," అన్నది రచయిత్రి. సంచిలోనుండి పుస్తకం తీసి, అడ్డం పెట్టిన బస్సు టికెట్టు దగ్గర తెరచి, వ్రేలు పెట్టి చూపినది. "ఈ 'అక్క' ఎవరు పెట్టారు?"

పిన్ని ముఖం విప్పారినది. దొరికిన గుండీ సంతోషం మళ్లీ ఒకసారి మెరిసినది.

"నేనేనండీ. అక్కడ అన్నదెవరో తెలియక చదివేవాళ్లు తడుముకుంటారని..."

"తడుముకోవాలనే రాశాను."

పిన్ని ఇంకా చిరునవ్వుతోనే ఉన్నది. ఆ నవ్వును ఎట్లా దించుకోవాలో ఆమెకు తెలియలేదు.

"కథ అని పేరే గాని అది మా నాన్నగారి గది," అన్నది రచయిత్రి. ఆమె గొంతు పెంచలేదు. "డాక్టరు అడిగాడు. ఆ మాట నేనన్నాను. బయటికొచ్చాక మెట్ల మీద అక్క నా చెయ్యి పట్టుకుని, ఎవరన్నామో మనిద్దరి మధ్యే ఉండాలి, ప్రాణం పోయినా చెప్పొద్దు అంది. మా బాబాయి ఎక్కడ కలిసినా అడిగేవాడు, మా అన్నని పంపించేసింది మీలో ఎవరే అని. అక్క ఒక్కసారైనా నా వైపు చూడలేదు. అలా కాచుకొచ్చింది నన్ను."

"అమ్మా, నేను..."

"బాబాయి ఈ పుస్తకం చంకన పెట్టుకుని అక్క ఇంటికెళ్లాడు. 'అయితే నువ్వేనన్నమాట' అన్నాడట. ఆ రోజు నుంచి అక్క నా ఫోను ఎత్తడం లేదు. నేను చేసింది దానికి అంటగట్టాననుకోదూ? ఊరందరి ఫోన్లూ కలిపినదాన్ని నేను. మా అక్కకి కలపలేకపోతున్నాను."

మాటలు విని యజమాని తన గదిలోనుండి వచ్చినాడు. సంగతి తెలిసి మెడ రుద్దుకొన్నాడు.

"ఒక తప్పొప్పుల పట్టిక వేయిద్దామండీ. మిగిలిన కాపీలన్నిటిలో అంటిస్తాం."

"ఏమని? ఫలానా పుట, ఫలానా పంక్తి, 'అక్క' అన్నది తీసేసి చదువుకోండి అనా?" అన్నది రచయిత్రి. "చూడనివాళ్లు కూడా వెతుక్కుని చూస్తారు. దానికన్నా వీధిలో డప్పు కొట్టించండి, నయం."

"పోనీ మీ అక్కగారికి నేనే ఫోను చేసి, కంప్యూటర్లో ఏదో పొరపాటు జరిగిందని చెప్తాను."

అడ్డుతెర అవతల టకటకయ్య మీటల చప్పుడు ఆగిపోయినది. పిన్ని నోరు తెరవలేదు. ఒక నిమిషం, కాదు, ఒక నిమిషంకంటె తక్కువే. ఆ కాసేపు ఆమె యజమాని మాట నిలిచిపోతే బాగుండునని కోరుకొన్నది. తెర అవతల మనిషి ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాడని తెలిసియుండి కోరుకొన్నది. తరువాతి దినాలలో ఆమె తలపుకు వచ్చినప్పుడల్లా చెవులు వేడెక్కించినది చేర్చిన మాటకంటె ఈ మౌనమే ఎక్కువ.

"తప్పు అతనిది కాదు," అన్నది చివరకు. "అడగమని చెప్పాడు. నేనే వినలేదు."

మీటల చప్పుడు మళ్లీ మొదలైనది. కాని నెమ్మదిగా, దేనినో తుడిచివేస్తున్నట్లు.

రచయిత్రి పుస్తకం సంచిలో పెట్టుకొని లేచినది. "నిశ్చింతగా ఉండమన్నారు మీరు," అన్నది. "ఉన్నాను."

టీ మీద మీగడ కట్టినది. పిన్ని ఆ గ్లాసును తానే క్రిందికి తీసుకొనిపోయి కడిగినది. తిరిగి వచ్చేటప్పుడు గోడమీది పత్రిక ముక్క ఎదురైనది. దానిని పీకివేయాలనిపించినది, కాని అందరూ చూస్తూండగా పీకటం మరొక ప్రదర్శన అవుతుందని తల వంచుకొని దాటిపోయినది.

ఇంటివద్ద ఆమె కంచం ముందు కూర్చొని మెతుకులు ఒకవైపు నుండి మరొకవైపునకు జరుపుతూ ఉండిపోయినది. సంగతి విన్న భర్త, "ఒక్క మాటే కదా," అన్నాడు.

"ఒక్క మాటే."

"నువ్వు కావాలని పెట్టలేదుగా."

"కావాలనే పెట్టాను. నాకు తెలుసని పెట్టాను." ఆమె కంచం దూరంగా జరిపినది. "మీ కొట్లో ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించారనుకోండి. అతను వచ్చి తిడతాడు, మార్చి ఇస్తారు. నేను బిగించింది మార్చి ఇవ్వడానికి లేదు."

అత్తగారు మంచంమీదనుండి అంతా విన్నది. ఎత్తిపొడుపు వస్తుందని పిన్ని ఎదురుచూచినది. వస్తే కొంత తేలికపడేదేమో. ముసలామె మాత్రం లేచి వచ్చి కోడలి కంచంలో చేయి కడిగే నీళ్లు పోసి వెళ్లినది. ఆ దయ పిన్నికి చెంపదెబ్బవలె తగిలినది.

మరునాడు పిన్ని రచయిత్రికి ఫోను చేసి అక్కగారి చిరునామా అడిగినది.

"వెళ్లి ఏం చెబుతారు?"

"ఆ మాట పెట్టింది నేనని చెబుతాను."

"నా మాటే వినని మనిషి మీ మాట నమ్ముతుందా?" అన్నది రచయిత్రి. తీగ మీద ఏవో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడినది. ఆ తరువాత చిరునామా వచ్చినది. "నేను పంపానని మాత్రం అనకండి."

రాతప్రతిలోని ఆ పుటను వెంట తీసుకొనిపోవాలని మొదట అనుకొన్నది. తీసి, మళ్లీ బీరువాలో పెట్టినది. సాక్ష్యం చూపటానికి పోయే మొగం తనకు లేదనిపించినది. బస్సులో ఆమె ప్రక్క కూర్చొన్న ఇద్దరు స్త్రీలు ఎవరో మూడో మనిషిని గురించి గొడవపడుతున్నారు. వారి మాటలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే, ఎన్నడూ లేనిది, పిన్ని విడదీయక కిటికీలోనుండి బయటికి చూస్తూ కూర్చొన్నది.

అక్కగారి ఇల్లు ఒక పాత మేడలో రెండో అంతస్తు. తలుపు తీసినామె పొడగరి, నెరసిన జుట్టు బిగించి ముడి వేసుకొన్నది. నవలలో చదివినది చదివినట్లే ఉన్నది. ఆమె లోపల దుప్పట్లు ఇస్త్రీ చేసుకొంటున్నది. కూర్చోమని చెప్పి, తాను మళ్లీ పెట్టె చేతికి తీసుకొన్నది.

"ఎవరన్నారు మీరు?"

"మీ చెల్లెలి గారి పుస్తకం అచ్చేసిన ప్రెస్సులో ప్రూఫులు చూస్తానండీ."

"అంటే తప్పులు దిద్దుతారు."

"అవునండీ."

"బాగా దిద్దారు."

పిన్ని చీరకొంగు వేళ్లకు చుట్టుకొన్నది.

"ఆ గదిలో మాట, 'అంది అక్క' అని ఉందే, ఆ అక్క అన్నది మీ చెల్లెలు రాయలేదండీ. అంది అని మాత్రం రాశారు. అక్క అని చేర్చింది నేను. చేర్చొద్దని చెప్పారు కూడా."

ఇస్త్రీపెట్టె దుప్పటి మడతమీద సాగుతూనే ఉన్నది. "అది పంపిందా మిమ్మల్ని?"

"నేనే వచ్చానండీ."

"ఎందుకనిపించింది మీకు, నేనే అన్నానని?"

అబద్ధం చెప్పటానికి దారి లేదు. "పుస్తకంలో ఆ అక్క గట్టి మనిషి. అన్నీ ఆమే చూసుకుంటుంది. ఆ మాట అనగలిగేది ఆమేననిపించింది."

పెద్దామె పెట్టెను నిలువుగా నిలబెట్టినది. ప్లగ్గు తీసివేసినది. మడిచిన దుప్పటిమీద అరచేయి ఆనించి, పిన్నిని కాక ఆ చేతినే చూస్తూ మాట్లాడినది.

"అందరూ అంతే అనుకుంటారు. ఆ డాక్టరు కూడా నన్నే చూసి అడిగాడు. నా నోరు పెగల్లేదమ్మా. గోడవైపు తిరిగాను. అదంది. చేతుల్లో ఎత్తుకుని పెంచిన పిల్ల, అదంది. మెట్ల మీద చెయ్యి పట్టుకుని నేను ఎవరికీ చెప్పొద్దన్నది దాన్ని కాయడానికే అనుకుంటోంది ఇప్పటికీ. నేను అనలేకపోయానని నలుగురికీ తెలియకూడదని చెప్పాను."

వీధిలో ఎవరో తలుపు తట్టి పిలుస్తున్న శబ్దం వచ్చి ఆగిపోయినది.

"మా బాబాయి అంటే నాకేం లెక్కలేదు. ఆ కాగితం మీద నా పేరు చూడగానే, ఇన్నాళ్లకి ఎత్తిపొడిచిందనుకున్నాను. నువ్వు అనాల్సిన మాట ఇదుగో, ఇప్పుడైనా అను అని. తప్పేముంది, నిజమేగా? అందుకే ఫోను ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తను?"

పిన్ని కుర్చీలోనుండి లేచినది. ఈ మాట తాను వినదగినది కాదు. చెల్లెలు వినవలసినది, ఆమెకు చేరక ముందే తన చెవిని పడినది. ఒకరి గదిలోనికి పిలువకుండా చొరబడి వస్తువు స్థానం మార్చినందుకు క్షమాపణ చెప్పుకొనటానికి వచ్చి, తాను మళ్లీ లోపలి గదిలో నిలబడినట్లయినది.

"మీకెందుకు చెప్పానో తెలియదు," అన్నది పెద్దామె, అదే గ్రహించినట్లు. "వెళ్లిరండి. ఇది కూడా ఎక్కడైనా చేర్చకండి."

పిన్ని నమస్కరించి మెట్లు దిగినది. సగం దిగేసరికి పైన టెలిఫోను ఎత్తిన చప్పుడు, అంకెలు నొక్కిన చప్పుడు వినబడినవి. అక్కడ నిలబడితే మాటలు వినబడేవి. ఆమె చెప్పులు చేతబట్టుకొని, చప్పుడు కాకుండ, త్వరత్వరగా వీధిలోనికి నడిచినది.

ఆ తరువాత చాలాకాలం ఏ వార్తా రాలేదు. అడిగే హక్కు లేదని పిన్ని అడగలేదు. కొత్త నవలలలో అన్నదెవరో తేలని మాట వస్తే ఎర్ర పెన్ను ప్రక్కన పెట్టి, పెన్సిలుతో అంచున "ఎవరు?" అని వ్రాసి రచయితకు పంపేది. కొందరు విసుగుకొన్నారు. "మీకు తెలియదా పిన్నీ," అన్నాడు ఒకాయన, మెచ్చుకోలుగానే. తెలియదండీ, అన్నది పిన్ని.

గ్రంథాలయాలవారు అడగటంచేత ఆ నవల రెండవసారి అచ్చు వేయవలసి వచ్చినది. యజమాని పుటలన్నీ మళ్లీ తీయించి పిన్ని బల్లమీద పెట్టినాడు. ఆమె తిన్నగా ఆ పుటకు పోయి, "అక్క" అన్న మాటను ఒక్క గీతతో కొట్టివేసి, అంచున తొలగించమనే గుర్తు వేసినది. అంతకు ముందు ఏ గుర్తునూ ఆమె అంత లోతుగా వేయలేదు. పెన్ను మొన వెనుక పుటలో కూడ తేలినది. ఈసారి అన్ని పుటలూ రచయిత్రికి పంపించినది.

రచయిత్రి వాటిని తానే తెచ్చి యిచ్చినది. కూర్చోలేదు. పిన్ని ఆ పుట తెరచి చూచినది. కొట్టివేసిన "అక్క" క్రింద వరుసగా చుక్కలు పెట్టి ఉన్నవి. కొట్టివేసిన మాట క్రింద చుక్కలు పెడితే అది ఉండనీయవలెనని అర్థం. ఆ గుర్తు ఆమెకు చెప్పినది పిన్నియే, మొదట కలిసిన నాడు, సరదాకు.

"పొరపాటున పెట్టారేమో," అన్నది పిన్ని.

"కాదు. అక్క ఉంచమంది."

పిన్ని తల ఎత్తలేదు.

"ఫోను చేసింది. ఏమందో మీకు చెప్పను," అన్నది రచయిత్రి. "పుస్తకంలోనైనా ఆ మాట దాన్ని అననివ్వమంది. నాకిష్టం లేదు. అది నా మాట. ఎంత కష్టంగా అన్నానో నాకు తెలుసు. కానీ అడిగింది, ఇచ్చేశాను." సంచి భుజానికి తగిలించుకొన్నది. "అక్క కోసం ఉంచుతున్నాను. మీ కోసం కాదు."

"తెలుసండీ," అన్నది పిన్ని.

ఏమందో తనకు తెలుసునని, కొంతవరకైనా తెలుసునని, ఆమె చెప్పలేదు. చెప్పటానికి అది ఆమె మాట కాదు.

రచయిత్రి మెట్లు దిగిన పిమ్మట యజమాని వచ్చి పుట చూచినాడు. సంతోషించినాడు. "చూశావా పిన్నీ, నీ చేతిలో పడితే తప్పు కూడా ఒప్పైపోతుంది," అన్నాడు. అతనికి చెడ్డ ఉద్దేశం లేదు. తెర అవతల టకటకయ్య దగ్గినాడు. మీటలు మాత్రం ఆగలేదు.

పిన్ని స్కేలును ఆ పంక్తి క్రింద పెట్టి, పెదవులు కదుపుతూ చదివినది. గుర్తు సరిగా తెరుచుకొన్నది. కామా ఉన్నచోట ఉన్నది. గుర్తు సరిగా మూసుకొన్నది. పేరా సరిగా విడినది. ఆ పుటను ఎవరు చూచినా, ఎంత నిశితంగా చూచినా, దానిలో తప్పు పట్టలేరు. ఏ పట్టికకూ అది ఎక్కదు. అచ్చుకు పోయే ప్రతి పుట అడుగునా సరిచూచినవారి సంతకం ఉండవలెననేది ఆ ప్రెస్సు నియమం. ఇన్నాళ్లూ ఆమె అక్కడ "పిన్ని" అని గిలికి ఊరుకొనేది. క్రింద యంత్రం వేడెక్కుతున్నది; గ్లాసులో నీళ్లు వణకటం మొదలుపెట్టినవి. పిన్ని "సరి" అని వ్రాసి, దాని క్రింద ప్రెస్సులో ఎవరికీ జ్ఞాపకం లేని తన సొంత పేరు పూర్తిగా వ్రాసినది.